బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత చిరుతిళ్ల లెక్క

బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నాక చాలామందికి మొదటి ఏడాది ఇట్టే గడిచిపోతుంది. ఒక ఇడ్లీకే కడుపు నిండుతుంది, ఆకలి పెద్దగా వేయదు, నెలనెలా బట్టలు వదులవుతాయి. తిండి అలవాట్ల ప్రభావం అసలు బయటపడేది ఆ తర్వాతే.

మన దేశంలో ఎక్కువగా చేసే స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేస్తారు. మిగిలిన సన్నటి గొట్టంలో 100–150 మిల్లీలీటర్లు పడతాయి, అంతే. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్ అనే మరో రకం ఆపరేషన్‌లో అయితే జీర్ణాశయంలో 30 మిల్లీలీటర్ల చిన్న సంచి మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు.

ఈ మార్పులన్నీ ఒక పూటలో ఎంత తినగలమన్నదాన్ని తగ్గిస్తాయి. రోజులో ఎన్నిసార్లు తింటామన్నదాన్ని మాత్రం ఆపలేవు. నాలుగు చికెన్ ముక్కలు నమిలి తింటే గంటల తరబడి కడుపు నిండుగా ఉంటుంది. అదే జంతికలు టీతో కలిపి తింటే నోట్లోనే మెత్తబడి, జీర్ణాశయంలోంచి తొందరగా జారిపోతాయి. పది నిమిషాలకు మళ్లీ డబ్బా మూత తీయొచ్చు. వంద గ్రాముల అన్నంలో సుమారు 130 కేలరీలుంటే, వంద గ్రాముల జంతికల్లో దాదాపు 500 ఉంటాయి. రోజంతా కొంచెం కొంచెం తింటూ ఉండే ఈ అలవాటే ఆపరేషన్ ఫలితాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుందని నా అభిప్రాయం.

దీనికి మంచి ఆధారం అమెరికాలో ల్యాబ్స్ పేరుతో జరిగిన పెద్ద అధ్యయనంలో దొరికింది. ఆపరేషన్ తర్వాతి 25 అలవాట్లను మూడేళ్లపాటు గమనించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో మూడు ముందుకొచ్చాయి: వారానికోసారి బరువు చూసుకోవడం, కడుపు నిండగానే ఆపేయడం, రోజంతా ఏదో ఒకటి తింటూ ఉండటం మానేయడం. బైపాస్ అయ్యాక ఈ మూడూ కొత్తగా అలవాటు చేసుకున్నవాళ్లు మొదటి బరువులో దాదాపు 39 శాతం తగ్గుతారని, ఏ మార్పూ చేసుకోనివాళ్లు 25 శాతం దగ్గర ఆగుతారని అంచనా వేశారు. 120 కిలోల మనిషికి అది సుమారు 17 కిలోల తేడా! ఇది గమనించి చెప్పిన లెక్కే తప్ప, అలవాటే కారణమని తేల్చి చెప్పే ప్రయోగం కాదు. అయినా ఖర్చు లేని ఈ మూడు పనులనూ పట్టించుకోకపోవడానికి నాకు కారణం కనిపించదు.

కడుపు నిండగానే ఆపేయడం మన ఇళ్లలో అంత తేలిక కాదు. "ఇంకొక్క ముద్ద" అనే అమ్మలు, అత్తమ్మలు ఉంటారు. పిల్లలు వదిలేసిన పెరుగన్నం పారేయబుద్ధి కాదు. ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి కడుపు నిండగానే ఎక్కిళ్లు వస్తాయి, ముక్కు కారుతుంది, ఛాతీ కింద బరువుగా అనిపిస్తుంది. అక్కడే చెయ్యి కడిగేసుకోవాలి. బలవంతం చేయొద్దని ఇంట్లోవాళ్లకు ఆపరేషన్‌కు ముందే చెప్పి ఉంచాలి.

వడ్డించుకునే వరస కూడా మారాలి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలని చెబుతారు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. పప్పన్నం, చారన్నం, పెరుగన్నం అంటూ మొదలుపెడితే అన్నంతోనే చోటు నిండిపోతుంది. గుడ్డో, చేపో, పనీరో, గట్టి పప్పో ముందు తిని, చోటుంటే అన్నం ముట్టుకోవాలి. బైపాస్ అయినవాళ్లు తీపి ఎక్కువగా తింటే గుండె దడ, చెమటలు, విరేచనాలు రావచ్చు. దీన్నే డంపింగ్ అంటారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొంత బరువు తిరిగి రావచ్చు. 1987లో మొదలైన స్వీడన్ అధ్యయనంలో బరువు బాగా తగ్గింది మొదటి ఒకటి రెండేళ్లలోనే. తర్వాత కొంత పెరిగినా, బైపాస్ అయినవాళ్లు పదేళ్లకు కూడా సగటున 25 శాతం తక్కువ బరువుతోనే ఉన్నారు. కాబట్టి నాలుగైదు కిలోలు పెరిగాయని సిగ్గుపడి ఆసుపత్రికి వెళ్లడం మానేయకండి. వారం రోజులు నోట్లో వేసుకున్న ప్రతిదీ టైముతో సహా రాసి, ఆ కాగితం డైటీషియన్‌కు చూపించండి. జంతికలు, టీలో చక్కెర, పిల్లల ప్లేటులో మిగిలింది, అన్నీ రాయాలి.