మేం కోడింగ్ చేయం కదా, ఆ సీ ప్లస్ ప్లస్ మాకెందుకు? అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో కంప్యూటర్లు బాగుచేస్తుంటాను. నా దగ్గరికొచ్చే మెషిన్లలో సగం ఎవరో చెప్పిన మాట విని చెడగొట్టుకున్నవే.

మొన్న చీమకుర్తి నుంచి ఒకాయన వచ్చారు. గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. "మావాడు గేమ్ ఏదో వేసుకున్నాడండీ, నా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పోయింది" అన్నారు. తెరిచి చూస్తే 'వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్' అనే ఫైలు కనపడలేదని మెసేజ్. గేమ్ తెరిచినా అదే. పక్కనే ఉన్న పిల్లాడు నసుగుతూ అసలు సంగతి చెప్పాడు. కొత్త గేమ్‌కి చోటు చాలక, 'విజువల్ సీ ప్లస్ ప్లస్' అని ఉన్న పదింటినీ తీసేశాడట. "మేం కోడింగ్ చేయం కదా అంకుల్!"

అపోహల్లో నేను ఎక్కువగా వినేది ఇదే. అవి ప్రోగ్రాం రాసేవాళ్ల కోసం పెట్టినవి కావు, రాసిన ప్రోగ్రాం నడవడానికి కావాల్సిన ఫైళ్లు. విజువల్ సీ ప్లస్ ప్లస్ అంటే ప్రోగ్రాంలు రాసే మైక్రోసాఫ్ట్ సాధనం. దాంతో తయారైంది గేమైనా బిల్లింగ్ సాఫ్ట్‌వేరైనా వాటినే వాడుకుంటుంది. 2008, 2010, 2012, 2013 వెర్షన్లు దేనికది వేరు. 2015 నుంచి 2022 దాకా మాత్రం ఒక్కటే సరిపోతుంది. మళ్లీ 32 బిట్‌కి ఎక్స్86, 64 బిట్‌కి ఎక్స్64 అని రెండేసి. విండోస్ 64 బిట్‌దైనా పాత 32 బిట్ సాఫ్ట్‌వేర్‌కి ఎక్స్86 ఉండాల్సిందే. పదీ తీసేస్తే మిగిలే చోటు మహా అయితే రెండు మూడొందల ఎంబీ! ఈ 140 ఫైలు 2015-2022 వెర్షన్‌దే కాబట్టి మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దాని ఎక్స్86, ఎక్స్64 రెండూ దించి వేస్తే పది నిమిషాల్లో అన్నీ తెరుచుకున్నాయి. కొందరు ఆ ఒక్క డీఎల్ఎల్‌నే ఏదో సైట్‌లో వెతికి తెచ్చి పెట్టుకుంటారు. వైరస్‌కి పీట వేసి కూర్చోబెట్టినట్టే.

"గేమ్ ఆగి ఆగి వస్తోంది, జావాలో రాశారు కాబట్టే" అనేది ఇంకోటి. జావా కూడా ఒక ప్రోగ్రామింగ్ భాషే. ఇందులో కొంత నిజముంది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో, వాడేసిన మెమరీని జావా శుభ్రం చేసుకునేటప్పుడు చిన్న కుదుపు రావచ్చు. తెర మీద సెకనుకి 60 ఫ్రేములు (బొమ్మలు) కావాలంటే ఒక్కో ఫ్రేముకి దక్కేది 16.7 మిల్లీసెకన్లే మరి. కానీ నా బల్ల మీదికొచ్చేవాటిలో చాలావరకు దోషం దుమ్ముది. చీమకుర్తి వైపు మెషిన్ విప్పితే ఫ్యాన్ రెక్కలకి రాతిపొడి అట్ట కట్టి ఉంటుంది. ప్రాసెసర్ వేడెక్కి తనే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో అయితే ఇక చెప్పక్కర్లేదు.

సైట్ తెరుచుకోవట్లేదని జావా ఇన్‌స్టాల్ చేసేవాళ్లూ ఉన్నారు. సైట్లకి కావాల్సింది జావాస్క్రిప్ట్, అది బ్రౌజర్‌లోనే ఉంటుంది. రెండూ 1995లోనే బయటికొచ్చాయి. జావాకి అప్పుడున్న ఊపు చూసి ఆ పేరు తగిలించారు, అంతే.

"రోజంతా గేమ్సే ఆడతాడు, కోడింగ్ వచ్చేస్తుందా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆడితే రాదండీ. ఆటలు ఆడటానికీ తయారుచేయడానికీ వీలున్న రోబ్లాక్స్‌లో సొంతంగా ఆట తయారుచేస్తుంటే మాత్రం కాస్త గమనించండి. అక్కడ రాసే లువావ్, 1993లో బ్రెజిల్‌లో పుట్టిన లువా నుంచి వచ్చిన అసలు సిసలు ప్రోగ్రామింగ్ భాషే. పైథాన్ అనే మరో భాష నేర్చుకోవడానికైతే ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలని పిల్లలు చెప్పేది వేరే పనికి.

వెళ్లేముందు ఆ పిల్లాడు "మరి చోటు కావాలంటే ఏం తీయాలి?" అన్నాడు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూపించాను. అదే గేమ్ సెటప్, మూడు కాపీలు.