డీవీడీ దాకా వచ్చినాం, బ్లూరే దగ్గర ఆగిపోయినాం

కర్నూల్లో ఒకప్పుడు ఎవరింటికి పోయినా టీవీ కింద అరలో డీవీడీ ప్లేయర్ ఉండేది, కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ దుమ్ము పట్టి అట్లనే ఉంది. బ్లూరే ప్లేయర్ మాత్రం నేను ఈ ఊర్లో ఒక్కరింట్లో కూడా చూడలేదు. జపాన్ కంపెనీలు, హాలీవుడ్ స్టూడియోలు ఏండ్ల తరబడి కొట్టుకుని గెలిపించుకున్న డిస్క్ అది, అట్లాంటిది మన ఇంటి గడప ఎందుకు తొక్కలేదో తెలియాలంటే క్యాసెట్ల కాలం నుంచి చెప్పుకుంటూ రావాల.

1975లో సోనీ బీటామాక్స్ అనే వీడియో క్యాసెట్ తెచ్చింది, మరుసటేడు దానికి పోటీగా జేవీసీ వీహెచ్‌ఎస్ తెచ్చింది. బొమ్మ బీటాలోనే బాగుంటుందని ఇప్పటికీ వాదించేవాళ్ళు ఉన్నారు, కానీ మొదట్లో బీటా క్యాసెట్లో పట్టేది గంటే, వీహెచ్‌ఎస్‌లో రెండు గంటలు పడతాది, పైగా జేవీసీ వేరే కంపెనీలను కూడా కలుపుకుని పోయింది. మా వీధి దాకా వచ్చింది వీహెచ్‌ఎస్ ఒక్కటే. క్యాసెట్ ఆడించే డెక్కు కొనే స్థోమత మాకెక్కడిది, పండగ వస్తే టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దెకు తెచ్చేది, వీధంతా చాపలేసుకుని తెల్లారేదాకా చూసేది, మధ్యలో కరెంటు పోతే వచ్చేదాకా ఎవరూ లేచి పోయేవాళ్ళు కాదు. ఇవ్వాల్టికీ నాకు సినిమా అంటే ఆ రాత్రులే గుర్తొస్తాయి.

తర్వాత వీసీడీ. దాని ప్రమాణాలు 1993లో ఖాయం చేసినారు, డిస్కుకు 74 నిమిషాల వీడియో, బొమ్మ 352 బై 288 చుక్కలు, అంటే క్యాసెట్ కంటే గొప్పదేం కాదు, ఫైటింగ్ సీన్లు వస్తే చదరాలు చదరాలుగా పగిలిపోయేది. అమెరికా వాళ్ళు దాన్ని పట్టించుకోనే లేదు, కానీ చైనాలో, మన దేశంలో అది ఇంటింటికీ చేరింది. ఎందుకంటే డిస్కు అచ్చేసేది చవక, ప్లేయర్ చవక, రివైండ్ బాధ లేదు, రీలు ఇరుక్కునే బాధ లేదు. మన సినిమా రెండున్నర గంటలపైనే కాబట్టి రెండు మూడు డిస్కులు మార్చాల్సి వచ్చేది, అయినా ఎవరూ విసుక్కోలేదు. బీటాను దెబ్బ కొట్టిన అసౌకర్యాన్నే మనం ఇక్కడ ఓర్చుకున్నామన్నమాట, ధర అందుబాటులో ఉంటే జనం ఎంతకు సర్దుకుంటారో దీన్ని బట్టి తెలుస్తాది.

డీవీడీ కూడా బీటా, వీహెచ్‌ఎస్ మాదిరి రెండు పోటీ రకాలుగా వచ్చేదే. ఒకవైపు తోషిబా వాళ్ళది, ఇంకోవైపు సోనీ, ఫిలిప్స్ వాళ్ళది. ఐబీఎం లాంటి కంప్యూటర్ కంపెనీలు మాకు రెండు వద్దు ఒకటే కావాల అని గట్టిగా పట్టుబట్టినాయి కాబట్టి 1995లో రాజీ కుదిరింది, 1996 నవంబర్‌లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. మనకు దీంట్లో అసలు లాభం ఏందంటే డీవీడీ ప్లేయర్లో పాత వీసీడీలు కూడా ఆడతాయి, కొన్నవి ఏవీ పారేయక్కర్లేదు, టీవీకి అవే ఎరుపు తెలుపు పసుపు పిన్నులు. ఇంక 2007 ప్రాంతంలో డిస్కులు తయారు చేసే మోజర్ బేయర్ కంపెనీ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టినారు. ఆరు రూపాయల తేడాకు మంచి బొమ్మ, ఒకే డిస్కులో మొత్తం సినిమా వస్తాంటే ఎవరు వద్దంటారు? అద్దె షాపు మీద ఆ ధర పెద్ద దెబ్బే.

సరిగ్గా అదే సమయంలో అక్కడ జపాన్, అమెరికాల్లో డీవీడీ తర్వాత ఏ డిస్కు రావాల అని నీలం లేజర్ గొడవ జరుగుతాంది. డీవీడీకి వాడేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, కొత్తవాటికి 405 నానోమీటర్ల నీలం ఊదా లేజర్, వెలుగు ఎంత సన్నగా ఉంటే అంత చిన్న గుంటలు చదవొచ్చు కాబట్టి అదే సైజు డిస్కులో చాలా ఎక్కువ పడతాది. ఒక పొర డీవీడీలో 4.7 జీబీ అయితే, తోషిబా, ఎన్‌ఈసీ వాళ్ళ హెచ్‌డీ డీవీడీలో 15, సోనీ, పానాసోనిక్ లాంటి వాళ్ళ బ్లూరేలో 25. హెచ్‌డీ డీవీడీ తయారీ పాత డీవీడీ మాదిరే, 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అంటించడమే, కాబట్టి ఉన్న ఫ్యాక్టరీలనే కొంచెం మార్చుకుంటే సరిపోతాది. బ్లూరేలో డేటా పైపొరకు 0.1 మిల్లీమీటర్ దూరంలోనే ఉంటాది, గీతలు పడకుండా గట్టి పూత వేయాల, కొత్త మిషన్లు పెట్టాల. నా లెక్కలో మన లాంటి ఊర్లకు హెచ్‌డీ డీవీడీనే సరిపోయేది.

కానీ తీర్పు చెప్పింది కొనేవాళ్ళు కాదు. 2006 ఏప్రిల్‌లో తోషిబా ప్లేయర్ అమెరికాలో 499 డాలర్లకు వస్తే, జూన్‌లో శాంసంగ్ బ్లూరే ప్లేయర్ 999 డాలర్లు. అయితే అదే ఏడాది నవంబర్‌లో సోనీ తన ప్లేస్టేషన్ 3లోనే బ్లూరే డ్రైవ్ పెట్టేసింది, గేమ్స్ కోసం కొన్నవాళ్ళ ఇంట్లోకి బ్లూరే దానంతటదే వచ్చేసింది. 2007 ఆగస్టులో పారామౌంట్ స్టూడియో హెచ్‌డీ డీవీడీ వైపు పోయింది, నవంబర్‌లో ఒక సేల్‌లో తోషిబా ప్లేయర్ వంద డాలర్లలోపుకు కూడా ఇచ్చినారు, అయినా బ్లూరే జోరు ఆగలేదు. రెండు రకాల్లోనూ సినిమాలిస్తున్న వార్నర్ స్టూడియో, 2008 జనవరి 4న ఇక బ్లూరే ఒక్కటే అనింది. ఫిబ్రవరిలో అప్పట్లో డిస్కులు అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్, అమ్మే వాల్‌మార్ట్ కూడా అటే, 19వ తేదీన తోషిబా చేతులెత్తేసింది. తక్కువ ధరకొచ్చే డిస్కు ఓడిపోయింది, దాన్ని నమ్మి ముందే కొన్నవాళ్ళ డబ్బు పోయింది, నాకు ఇప్పటికీ అది అన్యాయంగానే అనిపిస్తాది.

గెలిచిన బ్లూరే మన దగ్గర ఏమైంది అంటే, మా ఇంట్లో అప్పటికి 21 అంగుళాల డబ్బా టీవీ, దాంట్లో బ్లూరే ఇచ్చే 1920 బై 1080 చుక్కల బొమ్మ పెట్టినా డీవీడీ పెట్టినా ఒకటే. తేడా కనపడాలంటే ముందు టీవీ మార్చాల, కేబుల్ మార్చాల, తర్వాత ప్లేయర్, తర్వాత వందల రూపాయల డిస్కులు. తెలుగు సినిమాలా, వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఈలోగా మామూలు డీవీడీ ప్లేయర్లకే యూఎస్‌బీ రంధ్రం వచ్చింది, పిల్లలు పెన్‌డ్రైవ్‌లో సినిమా వేయించుకొచ్చి గుచ్చేవాళ్ళు. దొంగ ప్రింట్లే ఎక్కువ, అది తప్పే, కానీ జనం డిస్కు వదిలేసింది మాత్రం అక్కడే. ఫ్లాట్ టీవీ కొనే స్థోమత వచ్చేసరికి 2016లో జియో కూడా వచ్చింది, ఇంక డిస్కు ఊసే లేదు. మోజర్ బేయర్ కూడా 2018లో మూతపడే దారి పట్టింది.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊర్లోకి వచ్చినప్పుడు మా బీరువాలో సామానంతా మునిగింది. మా అక్క పెళ్ళి క్యాసెట్‌లో బురద పోయి రీలు అట్టకట్టింది, ఎంత చేసినా రాలేదు, దాంట్లోనే మా జేజి నడుస్తా మాట్లాడతా ఉండేది, ఆమె ఉన్న వీడియో ఇంకోటి లేదు. మామ పెళ్ళి వీసీడీలు మూడూ బకెట్ నీళ్ళలో కడిగి మెత్తటి గుడ్డతో తుడిస్తే ఆడినాయి. మొన్న వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుందామంటే కొత్త ల్యాప్‌టాప్‌కు డ్రైవే లేదు, తెలిసినాయన పాత కంప్యూటర్ దగ్గర కూర్చుని ఎక్కించుకున్నా, మూడో డిస్కులో అప్పగింతల దగ్గర రెండు నిమిషాలు రాలేదు.