షోకేస్‌లో మిక్సీ చప్పుడు

మే నెల మధ్యాహ్నం. హాల్లో మావాడు గేమ్ ఆడుతున్నాడు. "మిక్సీ ఆన్ చేసి వదిలేశారేంట్రా?" అని గదిలోంచి మా అమ్మ కేకేసింది. మిక్సీ కాదు, టీవీ షోకేస్‌లో ఉన్న ఏడేళ్ల నాటి గేమ్ కన్సోల్. చప్పుడు తగ్గుతుంది కదా అని నేను షోకేస్ అద్దం తలుపు మూశాను. పది నిమిషాల్లో రొద ఇంకా పెరిగింది.

ఆ రొద లోపలి ఫ్యాన్‌ది. పాపం, దాని తప్పేం లేదు. కన్సోల్ వాడుకునే కరెంటంతా చివరికి వేడిగానే తేలుతుంది. సోనీ వాళ్ల కన్సోల్ ప్లేస్టేషన్ 5 మీద పెద్ద గేమ్ నడుస్తుంటే సుమారు 200 వాట్లు ఖర్చవుతాయి. అంటే పాతకాలం 100 వాట్ల బల్బులు రెండు ఒక డబ్బాలో పెట్టి వెలిగించినట్టే. ఆ వేడిని మోసుకుపోవాల్సింది గాలే. లోపలి హీట్ సింక్ (చిప్ వేడిని గాలికి వదిలే లోహపు రేకుల దిమ్మ) 65 డిగ్రీలు దాటకూడదు అనుకుందాం. గది 25 డిగ్రీలుంటే తేడా 40. మూసిన షోకేస్‌లో కన్సోల్ తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటూ ఉంటే చుట్టూ 40 డిగ్రీలకు చేరుతుంది, తేడా 25కి పడిపోతుంది. అదే వేడిని తోడాలంటే కనీసం 1.6 రెట్ల గాలి కావాలి.

అసలు తిరకాసు ఇక్కడుంది. ఫ్యాన్ వేగం పెరిగితే శబ్దశక్తి దాదాపు ఐదో ఘాతంలో పెరుగుతుంది. వేగం 1.6 రెట్లయితే శబ్దం 10 డెసిబెల్స్ పైకెళ్తుంది. మన చెవికి అది సుమారు రెట్టింపు రొద. అదే వేగాన్ని సగం చేస్తే 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే పెద్ద ఫ్యాన్‌ని మెల్లగా తిప్పడం లాభం. ప్లేస్టేషన్ 5లో 120 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫ్యాన్ పెట్టారు. ఆ పెట్టె అంత లావేంటని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

మా కన్సోల్‌ని రిపేరు కుర్రాడు నా ముందే విప్పాడు. హీట్ సింక్ రేకుల మధ్య దుమ్ము, దుప్పటి నూగు, అగరబత్తి పొగ కలిసి బూడిదరంగు గొంగళి ముక్కలా అట్టకట్టాయి. వేలితో లాగితే చాపలా ఊడొచ్చింది. బ్లోయర్ పట్టేముందు ఫ్యాన్ రెక్కని పుల్లతో ఆపాడు, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుందట. చిప్ వేడిని హీట్ సింక్‌కి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుబారితే, దాన్ని గీకి కొత్తది రాశాడు. ప్లేస్టేషన్ 5 ఉన్నవాళ్లు మాత్రం అంతదూరం వెళ్లకండి. అందులో పేస్ట్ బదులు ద్రవలోహం ఉంటుంది, కరెంటు ప్రవహించే పదార్థం, బోర్డు మీద పడితే అంతే. పక్క పలకలు జరిపి, లోపల దుమ్ము చేరే రంధ్రాల్ని వాక్యూమ్ క్లీనర్‌తో లాగితే చాలు.

ఒక్కోసారి యుద్ధం జోరుగా సాగేటప్పుడు నెమ్మదిగా ఉన్న ఫ్యాన్, మ్యాపు తెరవగానే ఈల వేస్తుంది. బొమ్మ కదలడం లేదు కదా, మరి ఎందుకు? కొన్ని గేముల్లో అలాంటి తెరలకి ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ గీయాలన్నది) పరిమితి పెట్టరు. గీయడం తేలిక కాబట్టి చిప్ అదే బొమ్మని, టీవీ చూపించగలిగినదానికంటే ఎక్కువసార్లు ఊరికే గీస్తూ వేడెక్కుతుంది. సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటు పరిమితి కనిపిస్తే పెట్టేయండి.

అన్ని చప్పుళ్లూ ఫ్యాన్‌వి కావు. మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360లో డిస్క్ గిర్రున తిరిగే మోత పెద్ద తలనొప్పి. 2008 నవంబరులో వచ్చిన అప్‌డేట్‌తో గేమ్‌ని హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకునే వీలొచ్చాక, ఆడేటప్పుడు ఆ మోత తప్పింది. ఫ్యాన్ కరకరమంటే మాత్రం బేరింగ్ అరిగిందని అర్థం, ఫ్యాన్ మార్చడమే.

మాది ఇప్పుడు షోకేస్ పైన, గోడకి జానెడు ఎడంగా ఉంది. మొన్న గేమ్ నడుస్తుండగా హాల్లో కొత్తగా టకటక వినిపించింది. తలెత్తి చూస్తే సీలింగ్ ఫ్యాన్. ఎన్నాళ్లుగా అలా కొట్టుకుంటోందో.