దుర్బీన్ మీద పెద్ద అంకె చూసి మోసపోకండి

హన్మకొండ చుట్టుపక్కల పిల్లలకు ఆకాశం చూపించడానికి వెళ్తుంటాను. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, దుర్బీన్ (బైనాక్యులర్) ఎన్ని ఎక్స్‌ది కొనాలె?"

అపోహ: ఎక్స్, అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో ఆ అంకె, ఎంత ఎక్కువైతే అంత మంచిది.

నేనూ ఇలాగే అనుకుని ఒక ఎగ్జిబిషన్‌లో జూమ్ దుర్బీన్ కొన్నాను. ఆ రాత్రి డాబా మీద చంద్రుడు కప్పలా ఎగరడం తప్ప ఏమీ కనబడలేదు. బొమ్మ ఎన్ని రెట్లు పెరిగితే చేతి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది మరి.

10x50 అంటే పది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. యాభైని పదితో భాగిస్తే 5. కంట్లోకి వచ్చే వెలుగు కట్ట వెడల్పు అది, మిల్లీమీటర్లలో. చీకట్లో కుర్రవాళ్ల కనుపాప 7 దాకా విచ్చుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. అదే 50 అద్దంతో 30 రెట్లకు జూమ్ చేస్తే ఆ కట్ట రెండు కూడా ఉండదు, బొమ్మ మసకబారుతుంది. మొదటిసారి కొనేవాళ్లకు నా ఓటు 10x50కే. చేతులు వణికేవాళ్లకు 7x50 లేదా 8x42.

అపోహ: ఎర్రగా మెరిసే అద్దాలు రాత్రికి బాగా పనిచేస్తాయి.

ఎర్రగా మెరుస్తోందంటే ఎర్ర వెలుగును బయటికి తోసేస్తోందని అర్థం. నక్షత్రాలు చూసేవాడికి ఉన్న వెలుగే తక్కువ, అందులోనూ కోతా! షాపులో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం ముందు అద్దంలో చూడండి. ఆకుపచ్చగానో ఊదాగానో మసకగా కనిపిస్తే మంచి పూత. తెల్లగా ధగధగలాడితే పూత అంతంతమాత్రమే.

తర్వాత దుర్బీన్‌ను చేయి చాచి పట్టుకుని, వెలుతురున్న గోడవైపు తిప్పి, కన్ను పెట్టే అద్దాల్లో చూడండి. వెలుగు చుక్క గుండ్రంగా ఉండాలి. అంచులు కోసినట్టు నలుచదరంగా ఉంటే లోపల వెలుగును మళ్లించే గాజుదిమ్మ, అంటే ప్రిజం, నాసిరకం. చివరగా దూరాన ఉన్న సెల్ టవర్ చూడండి. రెండుగా కనబడినా, నిమిషంలో తల లాగినా తిరిగిచ్చేయండి. షాపువాడు "అలవాటైతది సార్" అంటాడు. కాదు.

అపోహ: శని వలయాలు కనిపిస్తాయి.

పది రెట్లకు కనిపించవు. శని కాస్త కోలగా అనిపిస్తే గొప్ప. 1610లో గెలీలియో చూసిన గురుడి నాలుగు చందమామలు మాత్రం, మోచేతులు పిట్టగోడకు ఆనిస్తే, చక్కగా దొరుకుతాయి.

అపోహ: టౌన్‌లో ఉంటే కొనడం దండగ.

పిల్లలకోడిని, అంటే కృత్తికలను, మా డాబా మీద నుంచే చూస్తాను. ఉత్త కంటికి ఆరు, దుర్బీన్‌లో పదుల్లో. కార్తీక పున్నమి నాడు మాత్రం వద్దు, చంద్రుడు పక్కనే ఉండి కమ్మేస్తాడు. పాకాల చెరువు వైపు చీకట్లోకి వెళ్తే 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ దూదిపింజలా కనిపిస్తుంది. మే నెల రాత్రుల్లో దక్షిణాన, కాస్త కిందుగా, ఒమేగా సెంటారీ అనే తారల గుంపు ఉంటుంది. లండన్‌వాళ్లకు అది ఆకాశంలోకే రాదు.

కళ్లద్దాలవాళ్లు కన్ను పెట్టేచోట ఉండే రబ్బరు కప్పులు మడిచి చూడాలి. సూర్యుడివైపు ఒక్క క్షణం కూడా తిప్పొద్దు, చూపు పోతుంది. ముసురు రోజుల్లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టండి, లేకపోతే అద్దాలకు బూజు పడుతుంది. నా జూమ్ దుర్బీన్ అలాగే పోయింది, పెద్దగా బాధపడలేదు.