పుప్పొడికి గట్టు ఎవరు వేయాలి?

జన్యుమార్పిడి పంట పక్కన మామూలు పంటో సేంద్రియ పంటో వేసుకునే రైతుకు రక్షణ ఏమిటన్న గొడవ ఐరోపాలో మళ్ళీ రాజుకుంది. దీనికి మూలం 2023 జూలైలో ఐరోపా కమిషన్ పెట్టిన ప్రతిపాదన. కొత్త జన్యు పద్ధతులతో, అంటే మొక్క జన్యువుల్లోనే ఎంచుకున్న చోట మార్పు చేసే పద్ధతులతో, పుట్టిన మొక్కల్లో ఒక వర్గాన్ని (మామూలు సంకరణంతోనూ రాగలిగినవాటిని) మామూలు మొక్కల్లాగే చూడాలని, విత్తనానికి తప్ప లేబుల్ అక్కర్లేదని, సేంద్రియ సాగులో మాత్రం వాటిని వాడకూడదని అది చెప్పింది. పక్క చేలో వేసింది ఫలానా మొక్క అని చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ ఉండదు. దాన్ని తన చేలోకి రానివ్వకుండా చూసుకునే భారం మాత్రం సేంద్రియ రైతు నెత్తిన పడుతుంది.

1990ల నాటి వాదనలు, కెనడా రైతు మీద విత్తన కంపెనీ మోన్సాంటో వేసిన పేటెంటు కేసు చాలామందికి తెలిసినవే. ఇవాళ్టి తగువు అర్థం కావాలంటే చూడాల్సింది పశ్చిమ ఆస్ట్రేలియాలోని కోజొనప్‌ని.

ఆ రాష్ట్రం 2010 జనవరిలో జన్యుమార్పిడి కనోలా సాగుకు తలుపు తెరిచింది. కనోలా అంటే ఆవాల కుటుంబానికి చెందిన నూనెగింజ. ఆ ఏడాదే బాక్స్‌టర్ అనే రైతు, కలుపు మందును తట్టుకునే రకం వేశాడు. పక్కనే 478 హెక్టార్లలో మార్ష్ అనే సేంద్రియ రైతు ధాన్యాలు పండిస్తూ గొర్రెలు పెంచుతున్నాడు. నవంబరులో బాక్స్‌టర్ పైరు కోసి, ఆరడానికి పనలుగా వదిలేశాడు. గాలి లేచింది. కాయలతో ఉన్న కొమ్మలు హద్దు దాటి కిలోమీటరుకు పైగా లోపలికి కొట్టుకుపోయాయి. మార్ష్ పొలంలో 245 మొక్కలు చెల్లాచెదురుగా దొరికాయి. డిసెంబరులో అతని పొలంలో 70 శాతం దాకా సేంద్రియ సర్టిఫికేట్ పోయింది. మార్ష్ నష్టపరిహారం కోసం బాక్స్‌టర్ మీద కేసు వేశాడు.

ఇక్కడ హద్దు దాటింది పుప్పొడి కాదు, గింజ. మార్ష్ కనోలా పండించడు కాబట్టి అతని పంటతో కలిసే ప్రమాదమూ లేదు. పశ్చిమ ఆస్ట్రేలియా సుప్రీంకోర్టు 2014 మేలో ఇదే ఎత్తిచూపింది. పొలానికి గానీ గొర్రెలకు గానీ దెబ్బ తగల్లేదని, సర్టిఫికేట్ సంస్థ తన నియమాలనే తప్పుగా వాడిందని, పొరుగువాడు అందరూ కోసే పద్ధతిలోనే కోశాడని చెప్పి కేసు కొట్టేసింది. నష్టం 85,000 ఆస్ట్రేలియా డాలర్లని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. అయినా పైసా రాలేదు, పైగా ఖర్చులు మార్ష్ మీదే పడ్డాయి. 2015లో అప్పీలు కోర్టు ఇద్దరి మాటతో ఆ తీర్పునే నిలబెట్టింది. మూడో న్యాయమూర్తి, ఆ కోర్టు అధ్యక్షురాలు మెక్‌లూర్, సేంద్రియ రైతుకు ఇబ్బంది కలిగించినందుకు పొరుగువాడు బాధ్యుడేనన్నారు. 2016లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు.

ఆ తీర్పు సారం ఒక్కటే: శుద్ధత కావాలనుకున్నవాడే కంచె వేసుకోవాలి. అమెరికాలోనూ గాలి అటే వీచింది. మోన్సాంటో తమ మీద పేటెంటు దావా వేస్తుందన్న భయంతో సేంద్రియ విత్తన రైతులు వేసిన కేసులో 2013లో ఫెడరల్ అప్పీలు కోర్టు, చేలో స్వల్పంగా కలిసిన జన్యుమార్పిడి లక్షణానికి దావా వేయబోమని మోన్సాంటో ఇచ్చిన హామీ చాలంది. రైతు మీద దావా పడకుండా అది కాపాడుతుందేమో గానీ, కొనుగోలుదారు వెనక్కి పంపిన సరుకుకు డబ్బు ఇవ్వదు.

కోజొనప్‌లో పనలు ఎగిరిన ఆ 2010 నవంబరులోనే జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం దీనికి పూర్తి వ్యతిరేకమైన దారి పట్టింది. అక్కడి చట్టం ప్రకారం జన్యుమార్పిడి పంట ఎక్కడ వేస్తున్నారో బహిరంగ రిజిస్టరులో ఉండాలి. మొక్కజొన్న అయితే మామూలు చేనుకు 150 మీటర్లు, సేంద్రియ చేనుకు 300 మీటర్లు వదలాలి. కలిసిపోయి పొరుగువాడికి నష్టమైతే వేసినవాడే కట్టాలి, ఎవరి చేనునుంచి వచ్చిందో తేలకపోతే చుట్టుపక్కల వేసినవాళ్ళంతా బాధ్యులే. ఈ చట్టం చెల్లుతుందని ఆ కోర్టు తేల్చింది. ఇది పేరు చెప్పని నిషేధమని విత్తన కంపెనీలు అంటాయి. కావచ్చు. కానీ లాభం ఎవరిదో జాగ్రత్త కూడా వాళ్ళదే అనడంలో అన్యాయం ఏముంది?

దూరంతోనే అన్నీ తీరవన్నదీ నిజమే. మొక్కజొన్న పుప్పొడి బరువు, చాలావరకు దగ్గర్లోనే రాలిపోతుంది. పూత వేళలు మార్చుకున్నా, అంచున కొన్ని సాళ్ళు అడ్డంగా వేసినా కలయిక బాగా తగ్గుతుంది. కనోలా అలా కాదు. తేనెటీగలు మోస్తాయి, గాలి మోస్తుంది, రాలిన గింజ మట్టిలో ఏళ్ళ తరబడి ఉండి మొలుస్తుంది. కోత యంత్రం, లారీ, గోదాము అన్నీ శుభ్రం చేయాలి. ఆ ఖర్చు ఎవరిదన్నదే అసలు పేచీ.

ఐరోపాలో ఇప్పుడు పోబోయేది ఈ రక్షణే. ఆ దూరాలు, రిజిస్టరు, నష్టపరిహారం అన్నీ జన్యుమార్పిడి చట్టం కిందవి. ఒక వర్గం మొక్కలు ఆ చట్టం నుంచి బయటికి వస్తే అవీ వాటికి వర్తించవు. అప్పుడు సేంద్రియ రైతుకు మిగిలేది మామూలు ఇరుగుపొరుగు చట్టం, అంటే కోజొనప్‌లో మార్ష్ నమ్ముకుని ఓడిపోయినలాంటిదే. లేబుల్ మీద ఎంత బేరమాడినా, విత్తనం వేసే ముందే పొరుగువాడికి చెప్పాలన్న షరతు, వేసినవాడే నష్టం కట్టాలన్న షరతు ఆ ప్రతిపాదనలో చేరకపోతే ఆ రైతుకు ఒరిగేదేమీ లేదు.