పోలింగ్ బూతు లెక్క: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి, తాతయ్య దీవెనలు.

సంక్రాంతికి వచ్చినప్పుడు బుజ్జి ఒక మాట అడిగింది. ఇంటినిండా చుట్టాలుండటంతో అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. "ఓటు రహస్యమని మా పుస్తకంలో ఉంది కదా తాతయ్యా, మరి మన వీధివాళ్ళు ఎవరికి వేశారో ఆ నాయకుడికెలా తెలిసింది?" అని. ముప్పై ఏళ్ళు పంతులుగా ఉండి, ఎలక్షన్ వచ్చినప్పుడల్లా డ్యూటీకి వెళ్ళినవాణ్ణి. నువ్వు అడగాల్సినవాణ్ణే అడిగావు.

మీ నాయనమ్మ ఎవరికి వేస్తుందో ఇప్పటికీ నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు, తనూ చెప్పలేదు. అట్ట చాటుకు వెళ్ళి మీట నొక్కుతుంది, పక్కనున్న పెట్టె అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనబడి లోపలికి పడిపోతుంది, మిషన్ బీప్‌మంటుంది. అంతవరకూ గుట్టు గుట్టే.

బూతుకు మాత్రం గుట్టు లేదు. మన కనిగిరి వైపు చిన్న ఊళ్ళలో బూతంటే రెండు మూడు వీధులు, సుమారు వెయ్యి ఓట్లు. లెక్కింపు రోజున ఏ బూతు మిషన్‌ను ఆ బూతుగానే విప్పి, అంకెలు పైకి చదువుతారు. జాలీ అవతల కూర్చున్న పార్టీల ఏజెంట్లు కాగితాల మీద రాసుకుంటారు. ఆ తర్వాత ఫారం 20 పేరుతో బూతులవారీ పట్టికను అధికారులే బయటపెడతారు. పట్టిక వచ్చేదాకా ఎవరాగుతారు? ఆ సాయంత్రానికే టీకొట్టు దగ్గర "ఫలానా బూతులో మనకి మైనస్" అనే మాట తిరుగుతుంటుంది. పంచాయతీ ఎన్నికల్లో అయితే వార్డులో ఉండేవే కొద్ది వందల ఓట్లు, కాబట్టి ఇంటి లెక్క కూడా ఇంచుమించు తెలిసిపోతుంది.

మన వీధికి నీళ్ళ పైపు వేయించమని ఆ నాయకుడి దగ్గరికి వెళ్ళినప్పుడు మాకు వినబడింది ఆ మాటే. ఇక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని మీకు తెలుసు. అర్జీ కాగితం తీసుకుని ఆరుగురం వెళ్ళాం. ఆయన కాగితం చూడలేదు, నవ్వుతూనే "మీ బూతులో మాకు మైనస్ కదా మాస్టారూ" అన్నాడు. నాతో వచ్చినవాళ్ళలో ఇద్దరు ఆయన పార్టీకే వేశామని ఒట్టేసి చెప్పారు. నిజమే చెప్పి ఉంటారు. బూతు లెక్కలో వాళ్ళు కనబడరు. బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడేటప్పుడు మాత్రం వాళ్ళూ మాతోనే ఉంటారు. నాకు అన్నిటికన్నా బాధనిపించేది ఇదే.

మరి వీధంతా ఒకే వైపు ఎందుకు వేస్తుందని అడుగుతావేమో. పూర్వం పెద్దమనిషి అరుగు మీద కూర్చుని ఏ గుర్తు చెబితే అదే. మా నాన్న కాడెద్దులకు వేశాడు, ఆ పార్టీ గుర్తు ఆవూదూడగా మారితే దానికే, హస్తమైతే హస్తానికే వేశాడు. 1983లో సైకిల్ గుర్తు వచ్చాక మొదటిసారి మా ఇంట్లోనే తండ్రిదో వైపు, కొడుకుదో వైపు అయింది. అరుగు మాట పోయినా కులం పోలేదు, చుట్టరికం పోలేదు, పంచే డబ్బులూ పోలేదు. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. పేదవాడు ఒక్కడే వెళ్ళి అడిగితే ఎవరూ పలకరు. "మా వీధి ఓట్లన్నీ మీకే, ముందు ట్యాంకు కట్టించండి" అంటే పలుకుతారు. అలా ఒక్కటిగా నిలబడటమే వాళ్ళ బలం. ఎంచుకున్నవాడు ఓడిపోతే అయిదేళ్ళూ మెడకు చుట్టుకునేదీ అదే.

అసలు వీధి మొత్తం మారిపోవడమన్నది చాలా అరుదు. 2019లో మన రాష్ట్రంలో 151 సీట్లు గెలిచిన పార్టీకి 2024లో 11 వచ్చాయి. ఆ పార్టీ నూటికి నూరుమందికీ చేదయిందా? లేదు. అప్పుడు నూటికి దాదాపు 50 ఓట్లు వచ్చాయి, రెండోసారి 39 దాటాయి. పదిమందికో పదకొండు మందికో మనసు మారింది, అవతలివాళ్ళు ముగ్గురు కలిసి పోటీచేశారు, సీట్లు తలకిందులయ్యాయి. బెంగళూరు, హైదరాబాద్‌లలో బేల్దారి పనికి వెళ్ళిన మనవాళ్ళు ఆ మే 13కి రాత్రంతా బస్సుల్లో నిలబడి వచ్చి మరీ వేశారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు చెరో వైపు వేసి, సాయంత్రం ఒకే బస్సెక్కి వెళ్ళారు. అలాంటి ఇళ్ళున్న వీధికి ఒకటే ముద్ర వేస్తే ఎలా?

దీనికి మందు లేకపోలేదు. కాగితం ఓట్ల కాలంలో, బెదిరింపుల భయమున్న చోట అన్ని పెట్టెల ఓట్లూ కలిపి లెక్కించడానికి నిబంధన ఉండేది. మిషన్లు వచ్చాక ఆ వీలు పోయింది. కొన్ని బూతుల మిషన్లను కలిపి ఒకే మొత్తం చూపే టోటలైజర్ అనే పరికరం పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ కూడా 2015లో సరేనంది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. బూతు లెక్క తెలిస్తేనే ఎక్కడ ఎక్కువ పనిచేయాలో తెలుస్తుందని పార్టీలవాళ్ళు అంటారు. ఆ వాదన నేనూ విన్నాను. మా కాగితం మడతపెట్టి పక్కన పడేసిన చెయ్యి చూశాక దాన్ని నమ్మలేకపోతున్నాను.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు మిమ్మల్ని బడికి తీసుకెళ్తాను. బూతు పెట్టే గదిలో తూర్పు కిటికీ పైన రెండు మేకులుంటాయి. ఓటేసే చెయ్యి బయటికి కనబడకూడదని, డ్యూటీకి వచ్చిన ఎవరో పంతులు దుప్పటి కట్టడానికి కొట్టినవి అవి.

ఇట్లు,
మీ తాతయ్య