గోదావరి కింద పాత బీట

2024 డిసెంబరు 4, ఉదయం 7 గంటల 27 నిమిషాలకు భూకంపం వచ్చింది. కాసేపటికే హనుమకొండ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. వంటింటి అరలో స్టీలు గిన్నెలు గలగలలాడాయట, పొయ్యి మీది పాలు ఒలికాయట. భయం కాస్త తగ్గాక అసలు ప్రశ్న అడిగింది: "అన్నా, మనం భూమి పైపొర పలకల, అదే ప్లేట్ల, అంచు మీద లేం గదా, మరి ఇదెక్కడి నుంచి వచ్చింది?"

ములుగు జిల్లాలో కేంద్రం, తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లు అని జాతీయ భూకంప కేంద్రం ప్రకటించింది. చెల్లెలి ప్రశ్నకు ఆ అంకెల్లో జవాబు దొరకదు. తప్పు ఆమెది కాదు. బడిలో భూకంపాల పాఠమంటే పటం మీద ప్లేట్ల అంచులు గీయించడమే. నడిమధ్యన ఉన్నవాళ్లకు ఏమీ కాదన్న ధీమా పిల్లలకు అక్కడే ఏర్పడుతుంది. 1993 సెప్టెంబరు 30న తెల్లవారకముందే మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చిన 6.2 భూకంపం దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. అదీ ప్లేటు మధ్యలోనే. ఈ పాఠం మార్చాలని నేను గట్టిగా కోరుకుంటాను.

సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ ఒక చేత్తో మూతి పట్టుకుని, వేలి కణుపుతో తట్టి చూసేది. ఖంగుమంటే తీసుకునేది. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే, కంటికి కనబడకపోయినా. అలాంటి కుండను రెండు వైపులా నొక్కితే ఆ బీట దగ్గరే విచ్చుకుంటుంది. మన నేల అలాంటి కుండ. గోదావరి లోయకు పడమర ధార్వాడ్ రాతి దిమ్మ, తూర్పున బస్తర్ రాతి దిమ్మ. రెండిట్లోనూ 250 కోట్ల ఏళ్లు దాటిన రాళ్లున్నాయి. ఆ రెంటి మధ్య, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, ఒక పాత బీట. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకున్నాక గోదావరి పారేది దాని వెంబడే.

సుమారు 30 కోట్ల ఏళ్ల కింద ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసి గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉండేవి. ఆ ఖండం సాగుతున్న కాలంలో ఇక్కడి నేల చీలి, నడిమి భాగం కుంగింది. పల్లంలో నీరు నిలిచింది, అడవి పెరిగింది, కూలింది, పైన ఇసుకా బురదా కప్పాయి. నేల ఇంకా కుంగింది. మళ్లీ అడవి, మళ్లీ బురద. నేల అలా దిగుతూ పోకపోతే రాలిన ఆకు గాలికి కుళ్లి మాయమయ్యేది, బొగ్గు మిగిలేది కాదు. సింగరేణి గనులు అలా పుట్టినవే. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర గుర్తించిన బొగ్గు ఆ పల్లంలో పేరుకున్నదే. ఆ బొగ్గు పొరల పక్కన దొరికే బూడిద రంగు రాయి ముక్క ఒకటి నా బల్ల మీద ఉంది. దాని మీద నాలుక ఆకారంలో ఒక ఆకు ముద్ర: నడుమ లావుపాటి ఈనె, దానికి రెండు పక్కలా వలలా అల్లుకున్న సన్నని ఈనెలు. గ్లోసోప్టెరిస్ అంటారు. ఇవే ఆకులు అంటార్కిటికా రాళ్లలోనూ ఉన్నాయి.

ఈ చీలిక సముద్రం కాలేదు, మధ్యలోనే ఆగిపోయింది. అంటార్కిటికా విడిపోయింది మన తూర్పు తీరం వెంబడి. ఇక్కడ పగుళ్లు మాత్రం మిగిలాయి.

అప్పుడు లాగిన చోటే ఇప్పుడు నొక్కుడు. ఇండియా ప్లేటు ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు, అంటే నాలుగైదేళ్లకు ఒక జానెడు, ఉత్తరానికి జరుగుతూ హిమాలయాల దగ్గర ఆసియాను ఢీకొంటోంది. ఆ ఒత్తిడి ప్లేటు అంతటా పాకుతుంది. పాత పగులులో రెండు రాతి ముఖాలను రాపిడి జారనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పగులులోకి చేరిన నీటి పీడనం ఆ పట్టును సడలిస్తుంది. పగులు వెంట నెట్టే బలం రాపిడిని మించిన క్షణాన రాయి జారుతుంది. ఎంత వైశాల్యం మేర జారింది, ఎంత దూరం జారింది అన్నదాన్ని బట్టి తీవ్రత. ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు. ఆ లెక్కన కిల్లారిలో విడుదలైన శక్తి ములుగుకు 22 రెట్లు.

మరి 200 కిలోమీటర్లు దాటి హైదరాబాదులో ఎలా తెలిసింది? మళ్లీ కుండ దగ్గరికే రావాలి. బీట పక్కనున్న దిమ్మలు చల్లని, గట్టి రాళ్లు, ఖంగున మోగే రకం. అందుకే భూకంపపు అల చాలా దూరం పోతుంది. కాలిఫోర్నియాలో నేల నిండా పగుళ్లే, అక్కడ అల త్వరగా చల్లారుతుంది. ములుగు నుంచి హైదరాబాదుకు మొదటి అల, పి అల, చేరడానికి దాదాపు 35 సెకన్లు పడుతుంది. అది చాలామందికి తెలియను కూడా తెలియదు. ఫ్యాన్లు ఊపేది మరో పాతిక సెకన్లకు వచ్చే ఎస్ అల.

ఆదిశేషుడు పడగ మార్చుకున్నాడని మా నానమ్మ చెప్పేది. చేతిలో ఏ పరికరమూ లేని రోజుల్లో అది ఒక జవాబు, నాకు దాని మీద కోపం లేదు. కోపమల్లా "ఈ రాత్రి రెండు గంటలకు మళ్లీ వస్తుంది" అని వాట్సాప్‌లో తిప్పే మెసేజ్‌ల మీదే. గడియారం పెట్టి భూకంపం రోజు చెప్పగల పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

చెల్లెలూ అదే అడిగింది, మళ్లీ వస్తుందా అని. వస్తుంది. ఇదే లోయలో 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. ఆ 55 ఏళ్ల ఎడం పట్టుకుని ముందుకు లెక్క కట్టడానికి మాత్రం వీల్లేదు. రెండుసార్లూ జారింది ఒకే పగులని చెప్పలేం, ఆ లోయ పొడవునా అలాంటివి ఎన్నో ఉన్నాయి.